పాత క్యామ్రీలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఇంటి దగ్గరే మార్చుకోవడం

అమెరికాకు చదువుకోవడానికి వచ్చిన తెలుగు విద్యార్థుల చేతులు మారుతూ ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్న పాత కార్లలో 1997 నుంచి 2001 వరకు వచ్చిన టొయోటా క్యామ్రీ ఒకటి. అందులోనూ 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల 5ఎస్-ఎఫ్‌ఈ ఇంజిన్, దానికి జతగా ఏ140ఈ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కారు గురించి ఇక్కడ చెబుతున్నాను. ఇంజిన్ నిక్షేపంగా ఉండగా గేర్‌బాక్స్ పాడైతే, దాన్ని మార్చడానికి మెకానిక్ షాపులో అడిగే మొత్తం తరచు కారు ఖరీదునే దాటిపోతుంది కాబట్టి, చాలామంది మంచి కారును తుక్కు కింద ఇచ్చేస్తారు. ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు, గట్టి కాంక్రీటు నేల, రెండు వారాంతాల వ్యవధి ఉంటే ఈ పని ఇంటి దగ్గరే పూర్తవుతుంది. విప్పడంలో శ్రమ ఎక్కువే గానీ నష్టం తక్కువ. నష్టమంతా తిరిగి బిగించేటప్పుడు, అందులోనూ టార్క్ కన్వర్టర్‌ను (ఇంజిన్ శక్తిని నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే గుండ్రటి భాగాన్ని) కూర్చోబెట్టే కొద్ది నిమిషాల్లో జరుగుతుంది. అందుకే ఆ భాగాన్ని మిగతావాటికంటే వివరంగా రాస్తున్నాను.

ముందుగా గేర్‌బాక్స్ నిజంగానే పోయిందా అన్నది తేల్చుకోవాలి. ఇంజిన్ వేడెక్కిన తరువాత, అది నడుస్తుండగానే, గేరు పార్క్‌లో ఉంచి గేర్‌బాక్స్ నూనె కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడండి. నూనె తక్కువైనా గేర్లు జారుతాయి కాబట్టి, సరిపడా పోశాక జారడం ఆగితే కారడం ఎక్కడో వెతికితే చాలు. 1996 తరువాతి కార్లన్నిటికీ ఉండే ఓబీడీ-2 సాకెట్టుకు (కారు కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్‌లు చదివే చోటుకు) స్కానర్ పెట్టినప్పుడు పీ0750 గాని పీ0755 గాని కనిపిస్తే, అది షిఫ్ట్ సోలనాయిడ్ల (గేర్లు మార్చే నూనె దారులను కరెంటుతో తెరిచి మూసే కవాటాల) సంగతి. ఆ సోలనాయిడ్లు కింది పళ్లెం లోపల వాల్వ్ బాడీ మీద ఉంటాయి కాబట్టి గేర్‌బాక్స్ దించకుండానే మార్చవచ్చు. పళ్లెం విప్పినప్పుడు అయస్కాంతాల మీద బూడిదరంగు మెత్తని పూత ఉండడం సహజమే. గోటికి తగిలే ఇనుప రేకులు, మాడిన వాసన, నల్లబడిన నూనె మూడూ కలిసి ఉంటే మాత్రం మార్చడమే దారి.

థ్రాటిల్ కేబులును కూడా ఈ దశలోనే చూడాలి. ఈ గేర్‌బాక్స్‌లో గేర్లు మార్చేది కంప్యూటరే అయినా, లోపలి నూనె ఒత్తిడిని నిర్ణయించేది మాత్రం థ్రాటిల్ నుంచి వచ్చే ఈ తీగే. థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు కేబులు రబ్బరు తొడుగు చివరకు, తీగ మీద నొక్కి ఉంచిన చిన్న స్టాపరుకు మధ్య ఎడం 0 నుంచి 1 మిల్లీమీటరు లోపు ఉండాలి. కేబులు వదులైతే ఒత్తిడి పడిపోయి క్లచ్ ప్లేట్లు కొద్దికొద్దిగా మాడిపోతాయి. పాత గేర్‌బాక్స్ చావుకు కారణం ఇదే అయి, దాన్ని సరిచేయకుండా కొత్తది బిగిస్తే, కొత్తదానికీ అదే గతి పడుతుంది.

మార్చడానికి తెచ్చే గేర్‌బాక్స్ పాత కార్ల యార్డు నుంచి తెచ్చుకున్నదైనా, బాగుచేసి అమ్మేదైనా పరవాలేదు. ఆరు సిలిండర్ల క్యామ్రీలో ఉండే ఏ541ఈ మాత్రం ఈ ఇంజిన్‌కు అమరదు. తెచ్చేది అదే కాలపు నాలుగు సిలిండర్ల కారులోదై, వైరింగ్ కనెక్టర్లు మీ పాతదానితో ఒక్కొక్కటిగా సరిపోవాలి. యార్డులో కారు నిలబడి ఉన్నప్పుడే డిప్‌స్టిక్ లాగి వాసన చూడడం మరిచిపోకండి. వెనక నుంచి గుద్దుకున్న కారులోని గేర్‌బాక్స్ నేను మొదట వెతుకుతాను, ఎందుకంటే గుద్దుకునేదాకా అది నడుస్తున్న బండే అయ్యుంటుంది. బాగుచేసినదాన్ని కొంటే పాతది తిరిగి ఇచ్చేదాకా కొంత డిపాజిట్ పట్టి ఉంచుతారు కాబట్టి పాతదాన్ని పారేయకండి.

పని చేసే చోటు విషయంలో రాజీ పడకూడదు. అపార్టుమెంట్లలోనూ, ఇంటి యజమానుల సంఘాలున్న కాలనీలలోనూ బయట కారు విప్పడాన్ని చాలాచోట్ల అనుమతించరు, అందువల్ల సొంత గరాజు ఉన్న స్నేహితుడి ఇల్లే మేలు. కారును జాకీ మీద వదిలి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. వెనక చక్రాలకు రెండువైపులా చెక్కలు అడ్డం పెట్టి, ముందుభాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, బలంగా ఊపి చూసిన తరువాతే కిందికి వెళ్లాలి. గేర్‌బాక్స్ దాదాపు ఒక మనిషి బరువు ఉంటుంది కాబట్టి దాన్ని చేతులతో పట్టుకోవాలని ప్రయత్నించకండి, ట్రాన్స్‌మిషన్ జాకీ అద్దెకు తీసుకోండి. ఇంజిన్‌ను పైనుంచి పట్టి ఉంచే అడ్డకడ్డీ, బాల్‌జాయింట్ విడదీసే సాధనం వంటివి విడిభాగాల దుకాణాలు డిపాజిట్ తీసుకుని అరువిస్తాయి.

పని ఇరుసు నట్లతో మొదలవుతుంది. చక్రాలు నేలమీద ఉండగానే పిన్ను తీసి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టగా, 30 మిల్లీమీటర్ల ఇరుసు నట్లను వదులు చేయాలి. కారు లేచిన తరువాత ఇవి ఒక పట్టాన కదలవు. ఆపైన బ్యాటరీ, దాని పళ్లెం, ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీస్తే గేర్‌బాక్స్ పైభాగం కనిపిస్తుంది. వైర్ల కనెక్టర్లు, షిఫ్ట్ కేబులు, థ్రాటిల్ కేబులు, స్టార్టర్ మోటారు, కూలర్ గొట్టాలు వరుసగా విడదీయండి. ప్రతి కనెక్టరుకు విప్పే ముందే టేపు చుట్టి అంకె వేసి, ఫోనుతో ఫోటో తీసుకోండి. ఒక్కో చోటి బోల్టులను ఒక్కో కవరులో వేసి పేరు రాయడం కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌కు ఆనుకునే గంట ఆకారపు భాగం) బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు.

నూనె కార్చేటప్పుడు గేర్‌బాక్స్‌కు ఒకటి, డిఫరెన్షియల్‌కు ఒకటి చొప్పున రెండు డ్రెయిన్ ప్లగ్గులు ఉన్నాయని గమనించండి. తరువాత కింది బాల్‌జాయింట్లను సస్పెన్షన్ కంట్రోల్ ఆర్మ్‌ల నుంచి విడదీసి, ఇరుసులను బయటికి లాగాలి. ఎడమ ఇరుసు సన్న పలుగుతో ఒక్క తన్ను తంతే వచ్చేస్తుంది. కుడివైపు ఇరుసు మాత్రం మధ్యలో ఒక బేరింగ్‌తో ఇంజిన్‌కు బిగించి ఉంటుంది. బోల్టు, స్నాప్ రింగు తీసినా, ఉప్పు చల్లే చలి రాష్ట్రాలలో తిరిగిన కారులో ఆ బేరింగ్ తుప్పుతో గూట్లోనే పట్టుకుపోతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె బాగా పట్టించి వదిలేయండి.

ఇప్పుడు ఇంజిన్‌ను పైనుంచి అడ్డకడ్డీకి గొలుసుతో వేలాడదీసి, సైలెన్సర్ ముందు గొట్టం విప్పి, సస్పెన్షన్ మెంబరును (ఇంజిన్ కింద ఉండే అడ్డ చట్రాన్ని) దించాలి. స్టీరింగ్ ర్యాక్‌ను దాని నుంచి విడదీసి తీగతో పైకి కట్టి ఉంచండి. ఈ పని జరిగినంతసేపూ స్టీరింగ్ చక్రం తిరగకుండా కట్టేయాలి, లేకపోతే ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట తీగ తెగిపోతుంది. కుడి చక్రం గూట్లో కనిపించే క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పెట్టి ఇంజిన్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ, కింది రంధ్రంలోకి ఒక్కొక్కటే వచ్చే కన్వర్టర్ బోల్టులు ఆరింటినీ తీసేయండి. ఒక బోల్టు వేరే రంగులో ఉంటే దాన్ని విడిగా ఉంచండి, బిగించేటప్పుడు ముందు దాన్నే వేయాలి. ఆ తరువాత జాకీ మీద గేర్‌బాక్స్‌ను ఆనించి, బెల్ హౌసింగ్ బోల్టులు, మౌంటు తీసి, ఇంజిన్ నుంచి సూటిగా వెనక్కి జరిపి దించాలి. కన్వర్టర్ జారి కాలిమీద పడకుండా ఒకరు దాన్ని చేత్తో అదిమి పట్టాలి.

గేర్‌బాక్స్ కింద ఉండగానే చేయవలసినవి మూడున్నాయి. క్రాంక్ వెనక ఆయిల్ సీలు, ఇరుసు సీళ్లు, గేర్‌బాక్స్ ముందు సీలు కొత్తవి వేయాలి. ఫ్లెక్స్ ప్లేటు (క్రాంక్ చివర ఉండి కన్వర్టర్‌ను తిప్పే పలుచని చక్రం) బోల్టు రంధ్రాల చుట్టూ జుట్టులాంటి పగుళ్లు ఉన్నాయేమో టార్చితో చూడాలి. రేడియేటర్‌లోని నూనె కూలర్‌ను నూనె వెళ్లే దిశకు ఎదురుగా కడిగి గాలి కొట్టాలి. పాత గేర్‌బాక్స్ రాల్చిన ఇనుప రజను అక్కడే దాగి ఉండి, మొదటి మైలులోనే కొత్తదాంట్లోకి చేరుతుంది. పాత నూనె గులాబీరంగు మజ్జిగలా ఉంటే రేడియేటర్ లోపల నీళ్లూ నూనే కలిశాయన్న మాట, అప్పుడు రేడియేటర్‌నే మార్చాలి.

ఇక కన్వర్టర్ సంగతి. దాని మెడ గేర్‌బాక్స్‌లోకి వెళ్లేటప్పుడు మూడింటిని వరుసగా పట్టుకోవాలి: లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లు, దాని చుట్టూ ఉన్న స్టేటర్ పళ్లు, చివరగా నూనె పంపును తిప్పే గాళ్లు. గేర్‌బాక్స్‌ను బెల్ హౌసింగ్ పైకి చూసేలా నిలబెట్టి, కన్వర్టర్‌లో ఒక లీటరు నూనె పోసి, మెడకు నూనె రాసి, నిదానంగా దించండి. రెండు చేతులతో నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతుంటే ఒకసారి కిందికి దిగుతుంది, ఇంకా తిప్పితే మరోసారి దిగుతుంది. చాలామంది అక్కడితో అయిపోయిందనుకుంటారు. బరువు వేయకుండా, కొద్దిగా ఎత్తి తిప్పుతూనే ఉంటే మూడోసారి ‘టక్’మని అరచేతికి తెలిసేంతగా కూర్చుంటుంది. అప్పుడు హౌసింగ్ అంచు మీద ఒక తిన్నని స్కేలు అడ్డంగా పెట్టి, కన్వర్టర్ బోల్టు గూళ్ల దాకా లోతు కొలిచి, సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన కొలతతో పోల్చాలి. లోతు చాలకపోతే మూడోది ఇంకా దిగలేదు.

నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఇంజిన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. బోల్టులతో లాగితే కలిసిపోతుందనుకుని నాలుగు వైపులా బిగించాను. పంపు పగిలింది. రెండు రోజుల పని మళ్లీ మొదటికి వచ్చింది, యార్డు నుంచి మరో గేర్‌బాక్స్ తెచ్చుకోవలసి వచ్చింది. అందుకే నొక్కి చెబుతున్నాను: ఇంజిన్ వెనక ఉన్న రెండు డవెల్ పిన్నులు గేర్‌బాక్స్ రంధ్రాల్లోకి వెళ్లి, రెండు అంచులూ చేతి బలంతోనే పూర్తిగా కలవాలి. కలవకపోతే కోణం తప్పిందనో కన్వర్టర్ ముందుకు జారిందనో అర్థం. వెనక్కి తీసి మళ్లీ చూడండి. కలిసిన తరువాత కింది రంధ్రంలోంచి వేలితో తోస్తే కన్వర్టర్ సులువుగా తిరగాలి, దానికీ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఎడం కనిపించాలి. ఈ రెండూ సరిగ్గా ఉన్నాయని చూశాకే బెల్ హౌసింగ్ బోల్టులకు రెంచి పెట్టాలి.

మిగతా అమరిక విప్పిన వరుసకు తిరగ వరుసే. ఇరుసు నట్లు 217 ఫుట్-పౌండ్లు, కింది బాల్‌జాయింట్ బోల్టు, నట్లు 94, చక్రాల నట్లు 76 చొప్పున టార్క్ రెంచితో బిగించి, ఇరుసు నట్లకు కొత్త పిన్నులు వేయండి. మిగిలిన కొలతలు మాన్యువల్ చూసి వేసుకోవాలి, అందాజుతో వద్దు.

నూనె విషయంలో ఈ గేర్‌బాక్స్‌కు ఒక ప్రత్యేకత ఉంది. డిఫరెన్షియల్ నూనె వేరు, గేర్‌బాక్స్ నూనె వేరు, ఒకదాంట్లో పోసింది రెండోదానికి చేరదు. రెండింటికీ డెక్స్‌రాన్ రకం నూనే వాడాలి. డిఫరెన్షియల్‌కు 1.6 లీటర్లు పడుతుంది, దాని ప్లగ్గు రంధ్రం అంచు దాకా పోయండి. యార్డు నుంచి వచ్చిన గేర్‌బాక్స్‌లో ఇది ఖాళీగా ఉండవచ్చు. డిప్‌స్టిక్ దగ్గర ఎంత నూనె కనిపించినా డిఫరెన్షియల్ ఎండిపోయి పళ్లు అరిగిపోతాయి. గేర్‌బాక్స్ పూర్తిగా ఖాళీగా ఉంటే మొత్తం సుమారు 5.6 లీటర్లు పడుతుంది. కన్వర్టర్‌లో పోసింది కలుపుకుని నాలుగు లీటర్ల దాకా ముందు పోసి, ఆపైన ఇంజిన్ స్టార్ట్ చేసి, కొంచెం కొంచెంగా కలపండి.

స్టార్ట్ చేసే ముందు థ్రాటిల్ కేబులు ఎడాన్ని మళ్లీ కొలిచి, షిఫ్ట్ కేబులును న్యూట్రల్‌లో సరిచేసి, పార్క్, న్యూట్రల్ తప్ప మరే గేరులోనూ ఇంజిన్ స్టార్ట్ కాకూడదని తాళం తిప్పి చూడండి. చక్రాలు ఇంకా గాలిలో ఉండగానే బ్రేకు తొక్కి, పార్క్ నుంచి ఎల్ దాకా ఒక్కో గేరులో కొన్ని సెకన్లు ఆపి మళ్లీ పార్క్‌కు రండి. నూనె చేరక ముందే ఇంజిన్‌ను రేజ్ చేయవద్దు. కారు దించి, ఖాళీ వీధిలో పావుగంట మెల్లగా నడిపి, వేడిమీద డిప్‌స్టిక్‌లో వేడి గీతల మధ్య నూనె ఉండేలా సరిచేయండి. ఆ రాత్రి కింద ఒక అట్టముక్క పరిచి ఉంచితే, ఏ సీలు కారుతున్నదో తెల్లారేసరికి మరక చోటును బట్టి తెలుస్తుంది. వంద మైళ్లు తిరిగాక నూనె మళ్లీ చూసి, సస్పెన్షన్ మెంబరు బోల్టులకు మరోసారి టార్క్ రెంచి పెట్టండి. పాత నూనెను మూత ఉన్న డబ్బాలో పోసి విడిభాగాల దుకాణానికి ఇస్తే వాళ్లే తీసుకుంటారు.