మర్టిల్ బీచ్‌లో గోల్ఫ్: టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) బుక్ చేసే ముందు

సౌత్ కరోలినాలోని మర్టిల్ బీచ్‌కు పిల్లాపాపలతో వెళ్తుంటే, అరవై మైళ్ల తీరం పొడవునా గోల్ఫ్ కోర్సులు ఊరిస్తాయి. డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి.

• మ్యాప్ చూడండి. అన్నిటినీ ‘మర్టిల్ బీచ్ గోల్ఫ్’ అనే అమ్ముతారు. కానీ కాలెడోనియా, ట్రూ బ్లూ కోర్సులు దక్షిణాన పాలీస్ ఐలాండ్‌లో, బేర్‌ఫుట్ కోర్సులు నాలుగూ ఉత్తరాన ఉన్నాయి. వేసవి శనివారాల్లో అద్దె ఇళ్లు ఖాళీ చేసేవాళ్లు, దిగేవాళ్లతో 17వ నంబరు హైవే కిక్కిరిసిపోతుంది. 18 హోల్స్‌కు, అంటే పూర్తి ఆటకు, నాలుగున్నర గంటలు, పైన రాకపోకలు. ఇంట్లో ముందే ఒప్పించుకోండి. ‘ఇప్పుడే వచ్చేస్తా’ అంటే ఎవరూ నమ్మరు.

• పొద్దున్నే టైమ్ తీసుకోండి. మధ్యాహ్నం దాటాక ఇచ్చే ట్వైలైట్ రేటు చవకే, కానీ వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులు మామూలే. ఆట ఆగితే రెయిన్ చెక్ (మరోసారి వచ్చి ఆడుకునే చీటీ) ఇస్తారా, ఎన్ని హోల్స్ లోపల ఆగితే ఇస్తారు? అడగండి.

• గ్రీన్లకు (హోల్ చుట్టూ ఉండే పొట్టి గడ్డి) ఏరేషన్, అంటే నేలకు గాలి ఆడేలా చిల్లులు పొడవడం, ఎప్పుడో ఫోన్ చేసి అడగండి. బెర్ముడా గడ్డికి ఆ పని వేసవిలోనే చేస్తారు. చిల్లులు పొడిచి ఇసుక పోసిన గ్రీన్ మీద పూర్తి ఫీజు కట్టి ఆడటం దండగ.

• స్లోప్ రేటింగ్ (మామూలు ఆటగాడికి కోర్సు ఎంత కష్టమో చెప్పే అంకె): 113 ప్రామాణికం, అంతకంటే ఎక్కువైతే కష్టం. మీరు ఆడే టీకి (బంతిని మొదట కొట్టే చోటు) ఎంతో చూడండి.

• గోల్ఫ్ కార్ట్ (కోర్సులో తిరిగే చిన్న బండి) నడపడానికి కనీస వయసు, పిల్లలకు రాయితీ ఎంతో కనుక్కోండి. చిన్నవాళ్లకైతే మినీ గోల్ఫే నయం, అక్కడ దానికి కొదవ లేదు.

• చెరువుల్లో ఆలిగేటర్లు ఉంటాయి. బంతి పోతే పోనివ్వండి.