చెంబు తోమినట్టు తోమకండి: పాత అమెరికా రాగి సెంట్లు

నా మొదటి లార్జ్ సెంట్, అంటే అమెరికా వాళ్ల పాత పెద్ద రాగి నాణెం, 1851 నాటిది, రాగే కదా అని చింతపండు పెట్టి తోమేశాను. పూజ గదిలో చెంబులా తళతళలాడింది, విలువ మాత్రం పోయింది. నూటడెబ్బై ఏళ్లకు పైగా పట్టిన ఆ ముదురు గోధుమ రంగు పొరనే కొనేవాళ్లు చూస్తారు, అది ఊడిపోతే మళ్లీ రాదు. అందుకే పాత సెంటు ఎర్రగా మెరుస్తూ చవగ్గా దొరికితే నాలాంటివాడెవడో తోమాడని అనుమానించండి.

అమెరికాలో ఈ పెద్ద సెంట్లు 1793 నుంచి 1857 వరకు వచ్చాయి. 1815 తేదీతో ఒక్కటి కూడా వేయలేదు, కాబట్టి ఎవరైనా 1815ది ఉందంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. 1793, 1799 లాంటి ఖరీదైన తేదీల జోలికి ఇప్పుడే వద్దు, నకిలీలు ఎక్కువ. జడ అల్లుకున్న లిబర్టీ (స్వేచ్ఛా దేవత) బొమ్మతో 1839 నుంచి 1857 దాకా వచ్చినవాటిలో, 1850 తర్వాతవి చాలావరకు సులువుగానే దొరుకుతాయి, అక్కడ మొదలుపెట్టండి.

కొనేముందు తూకం చూడాలి. ఈ జడ బొమ్మవాటి సైజు మన పది రూపాయల బిళ్లంతే, బరువు మాత్రం 10.89 గ్రాములు. అరిగినదైతే కాస్త తగ్గొచ్చు, మరీ తేడా వస్తే వదిలేయండి. విశాఖ కురుపాం మార్కెట్లో తెలిసిన నగల షాపు ఉంటే వాళ్ల కాటా మీద పెట్టమనండి (ఏదైనా కొంటారేమోనని ఆశగా చూస్తారు, అది వేరే సంగతి). అయస్కాంతానికి అంటుకున్నా, అంచు చుట్టూ అతుకు గీత కనిపించినా వద్దు.

అసలు తలనొప్పి కొన్నాక. మన విశాఖలో ఉప్పు గాలి, తేమ, పైగా చేతి చెమట, ఇవి రాగిని బతకనివ్వవు. అంచులు పట్టుకునే తీయండి. మెత్తగా సాగే పీవీసీ కవర్లు అస్సలు వద్దు, వాటి నుంచి నాణెం మీదికి ఆకుపచ్చ జిగురు దిగుతుంది. అలా దిగితే స్వచ్ఛమైన అసిటోన్ అనే ద్రావకంలో ముంచి తీయండి, రుద్దకండి, దగ్గర్లో స్టవ్ వెలిగించకండి. గోళ్ల రంగు తీసే సీసా దీనికి పనికిరాదు. మైలార్ (పీవీసీ లేని పాలిస్టర్ ప్లాస్టిక్) కవర్లో పెట్టి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచండి, ఆ పొట్లాలు వానాకాలంలో తొందరగా తేమ పీల్చేస్తాయి కాబట్టి అప్పుడు మాత్రం తరచూ మార్చాలి.