ఎండలు ముదరకముందే లారీ రేడియేటర్ లీకు సంగతి తేల్చుకోండి

చలికాలమంతా ఏ గొడవా లేకుండా తిరిగిన లారీ ఎండలు మొదలవగానే, అదీ ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కుతుండగానే హీటెక్కి ఆగిపోతుంది. లీకు ఆ రోజే పుట్టి ఉండదు, అంతకుముందు నుంచే ఉండి ఉంటుంది. గాలి చల్లగా ఉన్నన్నాళ్లు తగ్గిన కూలెంటుతోనే (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఎలాగోలా నడిచింది, మనం కూడా అప్పుడప్పుడూ ఓ బాటిల్ నీళ్లు పోసి సరిపెట్టుకున్నాం. "మా బండి కాస్త నీళ్లు తాగుతుందిలే" అని చాలా తేలిగ్గా అనేస్తారు గానీ, కూలింగ్ సిస్టమ్ అంతా మూసి ఉండేది, దానికి తాగడమంటూ ఉండదు. కూలెంట్ మార్చిన కొత్తలో లోపలి గాలి బయటికొచ్చి మట్టం ఒకసారి తగ్గడం మామూలే. ఆ తర్వాత కూడా మాటిమాటికీ పోయాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతోందన్నమాట, ఆ చోటు దొరికేదాకా వెతకాల్సిందే.

వెతకడానికి ముందు ఒళ్లు కాపాడుకునే మాట ఒకటి. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. అందరికీ తెలిసిన మాటే, అయినా చేతులూ ముఖాలూ కాలుతూనే ఉన్నాయి. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన ద్రవం మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 15 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) మూత బిగించి ఉంటే దాదాపు 129 డిగ్రీల దాకా మరగదు. కాబట్టి 110 డిగ్రీల దగ్గర కూడా లోపల నిమ్మళంగానే ఉంటుంది, మీరు మూత తిప్పగానే ప్రెషర్ పడిపోయి ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. పై హోస్ పైపును చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా తగలాలి, అప్పుడే మూత ముట్టుకోండి. పెద్ద ఇంజన్‌కి గంట పైనే పట్టొచ్చు, పట్టనివ్వండి. అప్పుడైనా గుడ్డ వేసి, ముఖం పక్కకి పెట్టి, నెమ్మదిగా తిప్పడమే మంచిది.

క్యాబిన్ లేపే బండి అయితే చక్రాలకి అడ్డు పెట్టి, క్యాబిన్ లాక్ పడిందో లేదో కళ్లతో చూసుకున్నాకే కిందకి తల పెట్టండి. ఇంజన్ తిరుగుతుండగా ఫ్యాన్ దగ్గర వదులు చొక్కాలు, మెడలో తువ్వాళ్లు వద్దు. ఇంకొకటి, కారిన కూలెంట్‌ని నేల మీద అలాగే వదిలేయకండి. మామూలు కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది విషం. తాగేనీళ్ల బాటిల్లో పోసి ఉంచడం ఇంకా ప్రమాదం.

ఇక వెతకడం సంగతి. రాత్రి బండి ఆపాక ఇంజన్ కింద పెద్ద అట్టముక్క పరిచి పెట్టండి. పొద్దున స్టార్ట్ చేయకముందే చూస్తే తడి ఎక్కడ పడిందో తెలుస్తుంది. ఏసీ నీళ్లు కూడా కారుతాయి, వాటిని చూసి కంగారు పడొద్దు. రెండు వేళ్ల మధ్య రాసి చూడండి, కూలెంట్ అయితే జిగటగా జారుతుంది, రంగు ఉంటుంది. రుచి మాత్రం చూడకండి. అయితే తడి పడిన చోటుకి సరిగ్గా పైనే లీకు ఉందనుకుంటే పొరపాటే. కారిన చుక్క ఫ్రేమ్ పట్టుకుని ఎక్కడికో పోయి పడుతుంది, నడుస్తున్నప్పుడైతే ఫ్యాన్ గాలి దాన్ని వెనక్కి కొడుతుంది. టార్చ్ వేసి అన్నింటికన్నా పైన, అన్నింటికన్నా ముందు తడిగా ఉన్న చోటు పట్టుకోవాలి. తడి లేకపోయినా ఎండిపోయిన తెల్లటి, ఆకుపచ్చ, గులాబీ రంగు పెచ్చు కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే. వేడి మీద కారిన చుక్క వెంటనే ఆవిరైపోయి ఆ పెచ్చే మిగులుతుంది.

ఎక్కువగా దొరికే చోట్లు ఇవీ: హోస్ పైపులు క్లాంపు కింద, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంక్ అల్యూమినియం కోర్‌తో (మధ్యలోని సన్న ట్యూబుల జాలీ) కలిసే అంచు, అడుగున నీళ్లు వదిలే డ్రెయిన్ కాక్, హీటర్‌కి వెళ్లే సన్న పైపులు, వాటర్ పంపు. పంపు కింద చిన్న రంధ్రం ఒకటి కావాలనే పెడతారు, లోపలి సీల్ పోతే నీళ్లు బేరింగ్‌లోకి వెళ్లకుండా అటునుంచి బయటికి రావడానికి. అక్కడ కాస్త మరక ఉంటే గమనిస్తూ ఉండండి, చుక్కలు పడుతుంటే పంపు మార్చాల్సిందే. ఆ రంధ్రాన్ని ఎమ్‌సీల్‌తో మూసేసే మహానుభావులు ఉన్నారు, తర్వాత బేరింగ్ పట్టేసి బెల్ట్ తెగి ఫ్యాన్ కూడా ఆగాక తెలుస్తుంది.

కొన్ని లీకులు చల్లగా ఉన్నప్పుడే కారతాయి, ఇంజన్ వేడెక్కగానే పైపూ దాని మెడా ఉబ్బి బిగుసుకుని ఆగిపోతాయి. కొన్ని సరిగ్గా దీనికి ఉల్టా, వేడికీ ప్రెషర్‌కీ మాత్రమే తెరుచుకుంటాయి. అందుకే ఒకసారి చూసి "ఏమీ లేదు" అని చెప్పే మెకానిక్ మాట నేను నమ్మను. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి చూడాలి. ప్రెషర్ టెస్టర్ ఉంటే పని సులువు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి అక్కడ దాన్ని బిగించి, మూత మీద రాసి ఉన్న ప్రెషర్ దాకా మాత్రమే పంపు కొట్టి, పావుగంట ఆగండి. ముల్లు దిగిపోతే లీకు ఉంది. అంతకు మించి కొడితే లేని లీకు పుడుతుంది. అదే టెస్టర్‌తో మూతని కూడా పరీక్షించండి. మూతలో స్ప్రింగ్ బలహీనపడితే ప్రెషర్ నిలవక కూలెంట్ ఓవర్‌ఫ్లో పైపులోంచి పోతుంది, రేడియేటర్ మార్చేసినా సమస్య అలాగే ఉంటుంది. ఇంజన్ చల్లారాక పై హోస్ చప్పిడిగా లోపలికి పీల్చుకుపోయి ఉంటే మూతలోని వాక్యూమ్ వాల్వ్ పట్టేసిందేమో చూడండి. ఎంత మంచి రేడియేటర్ అయినా మూత చెడితే విజిల్ పోయిన ప్రెషర్ కుక్కరే.

బయట ఎక్కడా తడి లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతోంది. ఇదీ అసలు టెన్షన్. అప్పుడు లోపల వెతకాలి. ఇంజన్ వేడెక్కాక కూడా తీపి వాసనతో తెల్లపొగ వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీల్) కావచ్చు, ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిప్పి పంపే పొగని చల్లబరిచేది) ఉన్న బండ్లలో అది కూడా కావచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తెల్లగా నురగ కట్టినా, ఆయిల్ మట్టం పెరిగినా ఇంజన్ స్టార్ట్ చేయకండి, నీళ్లు కలిసిన ఆయిల్‌తో బేరింగులు త్వరగా పోతాయి. కూలెంట్ ట్యాంకులో ఆయిల్ తేలుతుంటే ముందు ఆయిల్ కూలర్‌ని అనుమానించండి. ట్యాంకులో బుడగలు వస్తుంటే అందరూ హెడ్ గాస్కెట్ అని ఇంజన్ విప్పేస్తారు, కానీ ఎయిర్ బ్రేకుల బండ్లలో బ్రేకులకి గాలి నింపే కంప్రెసర్ హెడ్ కూడా ఇదే కూలెంట్‌తో చల్లబడుతుంది, దాని గాస్కెట్ పోయినా గాలి కూలెంట్‌లోకి వస్తుంది. హెడ్ విప్పేముందు కంప్రెసర్ సంగతి తేల్చుకుంటే పెద్ద ఖర్చు తప్పొచ్చు. క్యాబిన్‌లో తీపి వాసన, అద్దం మీద జిడ్డు మంచు, కాళ్ల దగ్గర తడి ఉంటే హీటర్ కోర్ (క్యాబిన్‌ని వెచ్చబరిచే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు.

రిపేరు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పాత హోస్ మీద క్లాంపు ఇంకా బిగించడం రిపేరు కాదు, అది రబ్బరుని కోస్తుంది. పైపు చివర్లు నొక్కి చూడండి, మెత్తగా స్పాంజిలా ఉన్నా, గట్టిపడి పగుళ్లు తేలినా మార్చేయండి. మెడ మీద తుప్పు, పెచ్చు గీకి శుభ్రం చేయకుండా కొత్త పైపు తొడిగితే మళ్లీ కారుతుంది. రాగి, ఇత్తడి రేడియేటర్‌కి సోల్డర్ నిలుస్తుంది, అల్యూమినియం కోర్ ఆ పద్ధతికి లొంగదు, దాన్ని తెలిసినవాళ్లు వెల్డింగ్ చేయాలి లేదా కోర్ మార్చాలి. కారే ట్యూబులు మూసేస్తూ పోతే లీకు ఆగుతుంది, కానీ చల్లబరిచే పని కూడా ఆ మేరకు తగ్గుతుంది, ఎండాకాలంలో అది తెలిసొస్తుంది. ప్లాస్టిక్ ట్యాంక్ పగిలితే ఎపాక్సీ ఇంటిదాకా చేర్చడానికే. ఇక లీకు ఆపే పొడులూ ద్రవాలూ, వాటికి లీకేదో హీటర్ కోర్‌లో సన్న దారేదో తేడా తెలియదు, రెండూ మూసేస్తాయి. దారిలో వేరే గతి లేనప్పుడు తప్ప వద్దు. వేస్తే తర్వాత మొత్తం ఫ్లష్ చేయించండి.

ఇప్పుడు నీళ్ల సంగతి, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. పెద్ద డీజిల్ ఇంజన్లలో చాలావాటికి లైనర్ (పిస్టన్ తిరిగే సిలిండర్ గొట్టం) బయటివైపు నేరుగా కూలెంటే తగులుతుంది. పేలుడు పేలుడుకీ లైనర్ సన్నగా అదురుతుంది, ఆ అదురుకి పక్కనున్న ద్రవంలో బుడగలు పుట్టి చితికి లోహాన్ని చుక్కచుక్కగా తొలుస్తాయి. కూలెంట్‌లో కలిపే రసాయనాలు లైనర్ మీద పొర కట్టి దీన్ని అడ్డుకుంటాయి. మీరు పోసిన ప్రతి బాటిల్ మామూలు నీళ్లూ ఆ రసాయనాన్ని పలచన చేస్తుంది, ఆఖరికి లైనర్‌కి చిల్లు పడి నీళ్లు సిలిండర్లోకి, ఆయిల్లోకి దిగుతాయి. ఒక క్లాంపు దగ్గరి లీకుని నీళ్లతో నెట్టుకొస్తే ఇంజన్ దింపే దాకా వెళ్లేది ఇలాగే. అందుకని మినరల్స్ లేని నీళ్లూ బండి మాన్యువల్ చెప్పిన రకం కూలెంటూ సగం సగం కలిపి పోయండి. రంగు చూసి కలపకండి, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది. మొత్తం కూలెంటే పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు, ఉత్త కూలెంట్ వేడిని సరిగ్గా మోయలేదు.

నింపేటప్పుడు నెమ్మదిగా, గాలి వదిలే స్క్రూ ఉంటే తెరిచి, హీటర్ ఫుల్‌లో పెట్టి నింపండి. థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరుచుకునే దాకా ఇంజన్ నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూడండి. పనిలో పనిగా రేడియేటర్‌కీ ఇంటర్‌కూలర్‌కీ (టర్బో గాలిని చల్లబరిచేది) మధ్య ఇరుక్కున్న దుమ్ము, పురుగులు కూడా కడగండి, ఎక్కువ ప్రెషర్ కొడితే ఫిన్లు వంగిపోతాయి జాగ్రత్త.

ఇంత చేసినా దారిలో టెంపరేచర్ ముల్లు పైకి పోతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ చేసి, పక్కకి తీసే చోటు చూసుకోండి. ఆవిరి కనబడినా, కూలెంట్ కారిపోతున్నా వెంటనే ఇంజన్ ఆపేయాలి. కూలెంట్ పూర్తిగా పోతే టెంపరేచర్ సెన్సర్ ఖాళీలో ఉండిపోయి ముల్లు కిందికి దిగొచ్చు, చల్లబడిందని సంబరపడి నడిపితే హెడ్ వంగుతుంది. కాలిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరించొద్దు, పగులుతుంది. చల్లారాక కొంచెం కొంచెంగా పోయండి. బండిలో పై హోస్, కింది హోస్ ఒక్కోటి, నాలుగు క్లాంపులు, ఫ్యాన్ బెల్ట్, ముందే కలిపిన కూలెంట్ ఒక క్యాను పెట్టుకోండి, ఎందుకంటే రోడ్డు పక్క దొరికే హోస్ మీ బండి సైజు కాకపోవచ్చు. కొత్త క్లాంపులు మొదటి లోడు దింపాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి మళ్లీ బిగించుకోండి, కొత్త రబ్బరు వేడికి కాస్త కుదించుకుపోతుంది.