ఫారిన్ యూనివర్సిటీలో బంగ్లాదేశీ కల్చరల్ క్లబ్ ఎలా స్టార్ట్ చేయాలి?

అమెరికాలో ఎమ్మెస్ చేసేటప్పుడు మా రూమ్మేట్ చిట్టగాంగ్ అబ్బాయి, వాళ్ల క్లబ్ మొదలైన ఏడాదంతా పక్కనే ఉండి కుర్చీలు మోశాను, కాబట్టి కళ్లారా చూసిందే చెప్తున్నా.

ముందు మనుషుల్ని పోగెయ్యాలి. స్టూడెంట్సే కాదు, పోస్ట్‌డాక్‌లు, ల్యాబ్ స్టాఫ్, ప్రొఫెసర్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, అందర్నీ మొదటి మీటింగ్‌కే పిలవండి. స్టూడెంట్స్ రెండేళ్లకి డిగ్రీ పట్టుకుని వెళ్లిపోతారు, క్లబ్‌ని నిలబెట్టేది స్టాఫే, పైగా చాలాచోట్ల రిజిస్ట్రేషన్‌కి వాళ్లలో ఒకరు అడ్వైజర్‌గా సంతకం పెట్టాలి.

రెండోది పేరు. బెంగాలీ క్లబ్ అంటే కోల్‌కతా వాళ్లూ వస్తారు, బంగ్లాదేశీ అంటే బంగ్లా మాతృభాష కాని చక్మా, గారో, మర్మా వాళ్లూ మనవాళ్లే అవుతారు. అన్నట్టు ఢాకాలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి! ఫారం నింపకముందే ఇది తేల్చుకోండి, తర్వాత మార్చాలంటే మనసులు నొచ్చుకుంటాయి.

మొదటి ప్రోగ్రామ్‌గా ఏకుశే ఫిబ్రవరి పెట్టుకోమనే నేను చెప్తా. 1952 ఫిబ్రవరి 21న, ఢాకా ఇంకా పాకిస్తాన్‌లో ఉన్నప్పుడు, బంగ్లాని కూడా అధికార భాష చెయ్యాలని అడిగినందుకు ఢాకాలో స్టూడెంట్స్ మీద పోలీసులు కాల్పులు జరిపారు, ఆ రోజునే 1999లో యునెస్కో అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది, అందుకే ఏ భాషవాళ్లని పిలిచినా వస్తారు.

ఆ కాల్పుల్లో చనిపోయినవాళ్ల గుర్తుగా ఢాకాలో కట్టిన స్మారకం శహీద్ మినార్, దాని నమూనా తయారుచెయ్యడానికి పెద్ద ఫోమ్ బోర్డులు చాలు. మధ్యలో తల కాస్త ముందుకి వంచిన పొడుగు స్తంభం, అది తల్లి, అటు రెండు ఇటు రెండు చిన్నవి, పిల్లలు, వెనక ఎర్రటి సూర్యుడు. హాల్లో కొవ్వొత్తులు ఒప్పుకోరు, బ్యాటరీవి కొనండి. ముందు చెప్పులు విడిచే చోటు వదలండి. మావాళ్లు పక్కనే ఒక తెల్ల చార్ట్ పెట్టారు, అమెరికాలోనే పుట్టిన ఏడేళ్ల బాబు చెయ్యి పట్టుకుని ల్యాబ్‌లో పనిచేసే ఒకావిడ, మనం పలక మీద దిద్దించినట్టు, వాడి పేరు బంగ్లాలో రాయించారు, వాడు వెళ్లేదాకా ఆ చార్ట్ దగ్గర్నుంచి కదల్లేదు.

డేట్ చూసేటప్పుడు రంజాన్ కూడా చూసుకోండి, 2026లోలాగే 2027లోనూ ఫిబ్రవరి 21 ఉపవాసాల్లోనే వస్తుంది, భోజనం ఇఫ్తార్‌కి పెట్టాలి.

ఏప్రిల్ 14న పొహెలా బైశాఖ్, వాళ్ల ఉగాది. పాంతా భాత్ అంటే మన చద్దన్నమే, దాంతో భర్తాలు, అంటే ఉడికించి మెదిపిన కూరలు, వేయించిన ఇలిశ్, అదే మన పులస. బయట వండింది తేనిస్తారో లేదో ఆఫీసులో ముందే అడగండి.

సెమిస్టర్ అయిపోయేలోపు బ్యాంక్ అకౌంట్, పాస్‌వర్డ్‌లు కొత్తవాళ్లకి అప్పజెప్పెయ్యండి. మినార్ ముక్కల్ని మాత్రం పారెయ్యకండి, వెనకాల నంబర్లేసి స్టాఫ్‌లో ఎవరి గ్యారేజీలోనైనా పెట్టించండి, వచ్చే ఫిబ్రవరికి మళ్లీ కావాలి.