చిన్న మరాఠీ పట్టణం గురించి రాయాలంటే ముందు హద్దులు తేల్చుకోండి

ఈ ఏడాది మా డిగ్రీ పిల్లలకు ప్రాజెక్టుగా దెగ్లూర్ ఇచ్చాను. సంగారెడ్డి, జోగిపేట, పిట్లం మీదుగా వెళ్లే 161 నంబరు జాతీయ రహదారిలో మద్నూర్ దాటి మహారాష్ట్రలోకి వెళ్లాక వచ్చే తాలూకా కేంద్రం అది. నాందేడ్ జిల్లా. ఊరి భాష మరాఠీయే అయినా తెలుగు, ఉర్దూ, కన్నడ కూడా వినిపిస్తాయి. పిల్లలు తెచ్చిన రిపోర్టులన్నిట్లో మొదటి వాక్యంలోనే జనాభా ఉంది. ఏ హద్దుల లోపలి జనాభా అన్నది మాత్రం ఎవరూ రాయలేదు. హైదరాబాద్‌లో కూర్చుని ఇలాంటి ఊరి గురించి రాసేవాళ్లకు నేను చెప్పే పద్ధతి ఇదీ.

ముందు హద్దులు. జనాభా లెక్కల్లో దెగ్లూర్ పేరు రెండు చోట్ల వస్తుంది. ఒకటి తాలూకా, అంటే చుట్టుపక్కల పల్లెలతో కలిపి. రెండోది పట్టణం, అంటే నగర పరిషత్ పరిధి. పట్టణం పేరు పక్కన బ్రాకెట్లో ‘ఎం సీఎల్’ అని ఉంటుంది, మున్సిపల్ కౌన్సిల్ అని అర్థం. ‘సీటీ’ అని ఉంటే అది సెన్సస్ టౌన్. దానికి మున్సిపాలిటీ ఉండదు. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్లలో 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం చూసి జనగణన శాఖ దాన్ని పట్టణంగా లెక్కిస్తుంది. మీరు తీసుకున్న అంకె ఏ వరుసలోదో పక్కనే రాసుకోండి.

ఇక పాత అంకెలతో పోల్చేటప్పుడు అసలు చిక్కు వస్తుంది. దెగ్లూర్ ఒకప్పుడు మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. 1956 నవంబర్ 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రానికి వెళ్లింది. మొత్తం వెళ్లలేదు. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు (సర్కిల్ అంటే తాలూకాలో ఒక భాగం), ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు ఇటువైపే ఉండిపోయాయి. మహారాష్ట్ర ఏర్పడింది 1960 మే 1న. కాబట్టి 1951 నాటి దెగ్లూర్ తాలూకా, 1961 నాటి దెగ్లూర్ తాలూకా ఒకే నేల కాదు. ఈ సంగతి చూసుకోకుండా రెండు అంకెలూ పక్కపక్కన పెడితే, వలసో కరువో అని లేని కారణం వెతుక్కోవాల్సి వస్తుంది. బిచ్కుందలో ఇప్పటికీ మరాఠీ ఎందుకు వినబడుతుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. సరిహద్దు జిల్లాల మీద రాసేవాళ్లు 1956 నాటి రాష్ట్రాల పునర్విభజన చట్టంలోని 8వ సెక్షన్ ఒక్కసారైనా చదవాలి. ఏ సర్కిల్ ఎటు వెళ్లిందో పేరుపేరునా ఉంది.

నిజాం కాలం దాకా వెనక్కి వెళ్లాలనుకుంటే తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. 1909లో వచ్చిన ఇంపీరియల్ గెజిటీర్ (బ్రిటిష్ కాలంలో జిల్లాల, ఊళ్ల వివరాలతో వేసిన పుస్తకం) హైదరాబాద్ సంపుటం కూడా చూడండి. అందులో నాందేడ్ స్పెల్లింగ్ ‘నాందేర్’ అని ఉంటుంది, వెతికేటప్పుడు గుర్తుంచుకోండి.

భౌగోళికం రాయడానికి సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్, అంటే నేల ఎత్తుపల్లాలు, నదులు, రోడ్లు చూపే మ్యాపు, తప్పనిసరి. పాత నంబర్లలో హైదరాబాద్ 56 కె అయితే దెగ్లూర్ 56 ఎఫ్. 1:50,000 స్కేలులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే గోధుమరంగు కాంటూర్ గీతల మధ్య ఎత్తులో తేడా 20 మీటర్లు. గీతలు దూరందూరంగా ఉన్నచోట నేల చదునుగా ఉందని, దగ్గరపడ్డచోట వాలు పెరిగిందని గుర్తు. నీలిగీత పట్టుకుని వేలితో కిందికి నడవండి. లెండి నది మంజీరలో కలుస్తుంది, మంజీర మన కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ లెండి మీద రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు ఉంది. అందుకే మ్యాపును రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆపేయొద్దు, నీళ్లు ఎటు పోతున్నాయో చివరిదాకా చూడండి. బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల మ్యాపుల సైటు భువన్ తెరిస్తే ఉపగ్రహ చిత్రంలో నల్లరేగడి పొలాలు, ఊరు రోడ్డు వెంబడి ఎటు పెరిగిందీ తెలుస్తుంది.

తర్వాతే అంకెలు. జిల్లా జనగణన హ్యాండ్‌బుక్ ‘ఎ’ భాగంలో సౌకర్యాలు, ‘బి’ భాగంలో జనాభా ఉంటాయి. పెరుగుదల ఎలా కట్టాలో జిల్లా అంకెతో చూడండి. నాందేడ్ జిల్లా 2001లో 28,76,259, 2011లో 33,61,292. తేడాను పాత అంకెతో భాగిస్తే 16.86 శాతం వస్తుంది. అక్షరాస్యత దగ్గర చాలామంది మొత్తం జనాభాతో భాగించేస్తారు. 0–6 ఏళ్ల పిల్లలను తీసేసి, ఏడేళ్లు, ఆపై వాళ్లతోనే భాగించాలి. భాషల కోసం సి-16 పట్టిక చూడండి. అది చెప్పేది మాతృభాష మాత్రమే. ఇంట్లో తెలుగు మాట్లాడి బయట మరాఠీలో వ్యాపారం చేసేవాళ్లు అందులో తెలుగు కిందే వస్తారు. ఆ తేడా రాయాలంటే ఊరికి వెళ్లి, బస్టాండు చుట్టూ షాపుల బోర్డులు ఏ లిపిలో ఉన్నాయో నోట్ చేసుకుని, నలుగురితో మాట్లాడాల్సిందే.

ప్రతి అంకె పక్కనా సంవత్సరం వేయండి. ఇప్పటికీ మన దగ్గరున్న పూర్తి లెక్క 2011 మార్చి 1 నాటిదే. 2021లో జరగాల్సింది వాయిదా పడింది, కొత్త జనగణనకు తేదీ 2027 మార్చి 1గా ప్రకటించారు. మీ పట్టికలో ఆ కాలమ్ ఇప్పుడే గీసి ఖాళీగా ఉంచండి. మధ్య కాలానికి ఏవేవో సైట్లలో కనిపించే అంచనాలను అందులో నింపొద్దు.