రెజిన్ విమానాలు, 3వ పాఠం: ఎక్స్-4 రెక్కలు నిలబెట్టడం

గత పాఠంలో బొమ్మ విమానం రెజిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్) భాగాలన్నీ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాం. ఇక రంపం చేతిలోకి తీసుకుందాం.

మన నమూనా నార్త్రప్ ఎక్స్-4 బాంటమ్, 1/72 స్కేలు, అంటే అసలులో 72వ వంతు. అసలు విమానం 1948 డిసెంబరు 15న కాలిఫోర్నియాలోని మ్యూరాక్‌లో మొదటిసారి ఎగిరింది. తోక దగ్గర నిలువు రెక్క ఒక్కటే ఉంటుంది, అడ్డ రెక్క ఉండదు. ధ్వని వేగానికి చేరువయ్యేకొద్దీ అలాంటి విమానం ఎలా నడుచుకుంటుందో చూడ్డానికే అమెరికా వైమానిక దళం, నాసాకు ముందున్న సంస్థ నాకా దీన్ని ఎగరేశాయి. మాక్ 0.88 (ధ్వని వేగానికి 0.88 వంతు) దగ్గర ముక్కు పైకీ కిందికీ ఊగిపోతుందని తేలింది. రెక్కల కొస నుంచి కొసకు అసలు విమానం 8.18 మీటర్లు, మన బల్ల మీద 113.6 మి.మీ. అడ్డ తోక లేదు కాబట్టి చూసేవాళ్ల కన్ను నేరుగా రెక్కల మీదే పడుతుంది. ఒక పక్క ఒక్క మిల్లీమీటరు వాలినా దాచుకునే చోటు లేదు.

రెక్క అంచుకు అంటుకుని ఉన్న మందపాటి దిమ్మె, అచ్చులో రెజిన్ పోసిన దారి. దాన్ని రెక్కకు ఆనించి కోయకండి. 1 మి.మీ. వదిలి సన్నపళ్ల రంపంతో కోసి, మిగిలింది 400 నంబరు వాటర్ పేపరు మీద నీళ్లు పోసి అరగదీయండి. తొందరపడి దగ్గరగా కోస్తే పలచటి వెనక అంచు పెచ్చు లేస్తుంది, దాన్ని మళ్లీ కట్టడం గంటల పని. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు చెరుపు. తడిపి అరగదీసినా ఎన్-95 మాస్కు తియ్యొద్దు, పొడి ఆరకముందే తడిగుడ్డతో బల్ల తుడిచేయండి.

రెక్కను అద్దం పలక మీద పెట్టి, కొసను వేలితో నొక్కి చూడండి. టకటకమంటే వంగి ఉన్నట్టే. వేడినీళ్లలో, 60–70 డిగ్రీలు చాలు, అర నిమిషం ఉంచితే రెజిన్ మెత్తబడుతుంది. తీసి అద్దం మీద చదును చేసి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ముంచండి. మరిగే నీళ్లు వాడితే పలచటి అంచు అలలు తేలుతుంది. ఒక్కసారికి సరికాకపోతే మళ్లీ చేయండి గానీ, చల్లారాక బలవంతంగా వంచకండి, పుటుక్కున విరుగుతుంది.

మామూలు ప్లాస్టిక్ కిట్ల జిగురు ఇక్కడ పనికిరాదు. అది పాలీస్టైరీన్‌ను కరిగించి కలుపుతుంది, రెజిన్‌ను కరిగించలేదు. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ పట్టుకుంటుంది కానీ పెళుసు, చిన్న దెబ్బకే ఊడుతుంది. అందుకే ప్రతి రెక్కకూ రెండు ఇత్తడి పుల్లలు కావాలి. 0.8 మి.మీ. పుల్ల, అదే కొలత డ్రిల్లు ముక్క, చేత్తో తిప్పే పిన్ వైస్. రెక్క మొదట్లో మందమున్నచోట 6 మి.మీ. లోతు రంధ్రాలు చేయండి. వాటి మూతుల దగ్గర ఎర్రరంగు చుక్క పెట్టి, తడి ఆరకముందే రెక్కను విమానం ఒంటికి తాకించి తీస్తే అవతల రెండు ఎర్ర చుక్కలు పడతాయి. డ్రిల్లు అక్కడ. రెక్క కొస ఎంత ఎత్తులో ఉండాలో నక్షా చూసుకుని డ్రిల్లును ఆ వాలులోనే పట్టుకోండి.

ఇక్కడ చాలామంది చేసే తప్పు, వెంటనే అతికించేయడం. ఆగండి. ఈ విమానానికి ముక్కు కింద చక్రం ఒకటి, వెనక రెండు. రెజిన్ బరువంతా వెనకే ఉంటుంది, ముక్కులో బరువు లేకపోతే నమూనా తోక మీద కూలబడుతుంది. విమానం ఒంటి రెండు సగాలనూ, రెక్కలనూ, నిలువు తోకనూ టేపుతో చుట్టి, వెనక చక్రాలు వచ్చే గీత కింద పెన్సిలు అడ్డంగా పెట్టండి. గాలాలకు కట్టే సీసం గుండ్లు ఒక్కొక్కటే ముక్కు మీద టేపుతో అంటిస్తూ పోండి. ముక్కు కిందికి వాలిన తర్వాత ఇంకో పావు వంతు కలపండి, పుట్టీ, రంగుల బరువుకు అది సరిపోతుంది. ఆ సీసాన్ని కాక్‌పిట్‌కు ముందు, వీలైనంత ముక్కు కొసన ఎపాక్సీతో (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) బిగించి, ఆ తర్వాతే ఒంటిని మూయండి.

ఎపాక్సీ పట్టాక రెక్కలు. దీనికీ ఐదు నిమిషాల ఎపాక్సీనే వాడండి, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. రెండు కొసల కిందా సమానంగా నాణేలు పేర్చి, తోక చివర నుంచి ఒక్కో రెక్క కొసకు దారంతో కొలవండి. తేడా అర మిల్లీమీటరు దాటితే జిగురు గట్టిపడకముందే జరపండి.

అతుకులోని సందుకూ, గాలిబుడగల గుంతలకూ సూపర్ గ్లూలో టాల్కం పౌడరు కలిపి పూయండి. అరగంటలోపు అరగదీయాలి. మర్నాటికి అది రెజిన్‌కన్నా గట్టిపడి, చుట్టూ ఉన్న రెజినే అరిగి పల్లం పడుతుంది. ఈ విమానానికి వేసేది తెల్లరంగు, ఒక్క సూదిమొన గుంత మిగిలినా నల్ల చుక్కలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బూడిదరంగు ప్రైమరు (రంగుకు ముందు వేసే పూత) పలచగా కొట్టి, దీపాన్ని పక్కవాటంగా పట్టి చూడండి. దొరికిన ప్రతి గుంతనూ పూడ్చి మళ్లీ ప్రైమరు కొట్టండి, మూడు విడతలు పట్టడం మామూలే.

వచ్చే పాఠం: కాక్‌పిట్ అద్దం. దానికి సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వొద్దు, ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. ఫెవికాల్ సిద్ధం చేసుకోండి.