చివరి ‘అండ్’ ముందూ కామా పెట్టండి

ఇంగ్లీషులో కాంట్రాక్టో, ఆఫీసు మెయిలో రాసేటప్పుడు మూడు నాలుగు అంశాలు వరసగా వస్తే, చివరి ‘అండ్’ లేదా ‘ఆర్’ ముందు కూడా కామా పెట్టండి. పత్రికలవాళ్లు ఎక్కువగా వదిలేస్తారు, చికాగో పద్ధతి (అమెరికాలో పేరున్న ఇంగ్లీషు రచనా నియమాల పుస్తకం) మాత్రం పెట్టమంటుంది. నేనూ పెట్టమనే అంటాను.

అమెరికాలోని మెయిన్ రాష్ట్ర చట్టంలో, ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చివర ‘ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్’ అని ఉండేది. ‘ఆర్’ ముందు కామా లేదు. దాంతో సరుకు చేరవేయడం వేరే పనా, లేక ప్యాకింగ్‌లో భాగమా అన్న తగాదా వచ్చింది. 2017లో అప్పీలు కోర్టు, ఓవర్‌టైమ్ డబ్బు అడిగిన ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడాది 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

కామా పెట్టినా అనుమానం మిగిలితే మొహమాటపడకుండా వాక్యమే మార్చేయండి, లేదా ఒక్కో అంశాన్ని ఒక్కో లైనులో రాయండి.